ఇద్వాల్ పక్కన నిలబడాల్సిన మనిషి

కైర్‌నార్వన్,
20 మార్చి 2015

గౌరవనీయులైన ఎలినెడ్ గారికి,

నేను ట్రెవోర్‌ని. మీ తమ్ముడు ఇద్వాల్‌తో నలభై ఒక్క ఏళ్లు కలిసి బతికినవాణ్ణి. మనం ఇంతవరకూ ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు కాబట్టి, డెబ్భై ఏళ్ల వయసులో ఇలా పరిచయం చేసుకోవలసి వస్తోంది. అంత్యక్రియలకు మీరు పంపిన పూలు అందాయి. మోకాలి నొప్పితో కొండ దిగి రాలేనని రాశారు. ఆ పూలను ఇద్వాల్ తల వైపు పెట్టించాను.

అతను పోయి ఐదు వారాలైంది. బట్టలు ఎవరికైనా ఇచ్చేద్దామని నిన్న బీరువా తెరిచాను. నేను దర్జీనని మీకు తెలిసే ఉంటుంది. ఇద్వాల్‌కి ఎడమ భుజం కాస్త దిగి ఉండేది. ముప్పై నాలుగేళ్లు బస్సు తోలిన భుజం. ఆ తేడా చూసుకుని కుట్టిన కోట్లు ఇంకెవరికీ నప్పవు. అన్నీ తీసి, మళ్లీ అన్నీ అక్కడే తగిలించాను.

ఈ ఉత్తరం రాయడానికి ఒక కారణముంది. మేము 2006లో కౌన్సిల్ ఆఫీసులో సంతకాలు పెట్టి భాగస్వాములమయ్యాం. నిరుడు డిసెంబరులో, అతను ఆసుపత్రిలో ఉండగానే, దాన్ని పెళ్లిగా మార్పించుకున్నాం. డ్రైవరు పోతే అతని పింఛనులో సగం భార్యకి వస్తుంది. నాకు మాత్రం రాదని బస్సు కంపెనీ రాసింది. మగవాడికి మగవాడు భాగస్వామి అయితే, 2005 డిసెంబరు తరవాత చేసిన ఉద్యోగం మాత్రమే లెక్కట. ఇద్వాల్ 2001లోనే దిగిపోయాడు. అంటే వాళ్ల దృష్టిలో నేను అతనికి ఏమీ కాను.

యూనియన్‌లో మెరెరిద్ అనే అమ్మాయి ఈ రూలు మార్పించాలని పోరాడుతోంది. కంపెనీ పింఛను ట్రస్టీలు తలుచుకుంటే మినహాయింపు ఇవ్వగలరట. ఉద్యోగంలో ఉన్న రోజుల నుంచీ మేము ఒకే ఇంటివాళ్లమని రుజువు కావాలంది. ఇద్వాల్ మీకు నెలకో ఉత్తరం రాసేవాడు. వాటిలో రెండు మూడు ఇవ్వగలరా? చూపించి భద్రంగా తిరిగి పంపుతాను.

ఇట్లు,
ట్రెవోర్

*

ఫెస్టినియోగ్,
2 ఏప్రిల్ 2015

ట్రెవోర్ గారికి,

మీ ఉత్తరం అందింది. ఇక్కడ ఇంకా మంచు కురుస్తోంది. పలకరాయి గుట్టల మీంచి గొర్రెలు దిగొచ్చి, నేను నాటుకున్న లీక్ ఉల్లి మొక్కలు మొత్తం మేసేశాయి. మోకాలు అలాగే ఉంది.

ఉత్తరాలు లేవు. మా ఆయన పోయినప్పుడు ఇల్లు సర్దుతూ పాత కాగితాలన్నీ కాల్చేశాను.

ఇంకో మాట. మా తమ్ముడు గుట్టుగా బతికాడు. పోయాక వాడి పేరు పింఛను కోసం వీధికెక్కించకండి. మీ చేతిలో పనుందిగదా, జరుగుబాటుకు లోటుండదనుకుంటాను.

ఎలినెడ్

*

కైర్‌నార్వన్,
11 మే 2015

ఎలినెడ్ గారికి,

ఉత్తరాలు లేవన్నారు. సరే. అయినా ఎందుకో మీకు రాయాలనిపిస్తోంది. ఇద్వాల్ గురించి మాట్లాడితే వినే మనిషి ఈ ఊళ్లో నాకు లేరు. వినకపోయినా మీరు చదువుతారని ఆశ.

ప్రతి సోమవారం మేము బస్సు డిపో గేటు దగ్గర నిలబడుతున్నాం. మొదటిసారి నేనూ, మెరెరిద్, ఒక అట్ట బోర్డు. అంతే. కంపెనీ కుర్ర మేనేజరు వచ్చి, "రూలు అలా ఉందండీ, నేనేం చేయగలను," అని మాకే టీ ఇచ్చి వెళ్లాడు. రెండోసారి విల్ వచ్చాడు. ఇద్వాల్‌తో పాటు బస్సు తోలినవాడు. పాతికేళ్లు మమ్మల్ని ఆటపట్టించినవాడు. నన్ను చూస్తే చాలు, "ఏమ్మా దర్జీ, మీ ఆయనకి చద్ది కట్టావా?" అనేవాడు. వాణ్ణి చూసి నేను బోర్డు దించేశాను.

"ఎత్తరా పైకి! అక్షరాలు కనిపించొద్దూ?" అని అరిచాడు. తరవాత నా పక్కకొచ్చి నిలబడి, "నాకు మూడో పెళ్లయి ఎనిమిది నెలలు. ఆవిడకి నేను చక్కెర ఎన్ని చెంచాలు వేసుకుంటానో ఇంకా తెలీదు. రేపు నేను గుటుక్కుమంటే ఆవిడకి సగం పింఛను. నువ్వేమో వాడి చొక్కాకి గుండీ ఊడకుండా నలభై ఏళ్లు చూసుకున్నావు, నీకేమో సున్నా. ఇదేం న్యాయంరా?" అన్నాడు. ఇద్వాల్ ఉంటే పగలబడి నవ్వేవాడు.

నాకు జరుగుబాటు ఉంటుందన్నారు. నా కళ్లు సూదిలో దారం ఎక్కించడానికి ఒప్పుకోవడం మానేసి మూడేళ్లయింది. అయినా గేటు దగ్గర నిలబడేది అందుకు కాదు. 'మీరు అర్హులు కారు' అన్న ఉత్తరం చదివినప్పుడు నాకు మీ అమ్మగారిని సాగనంపిన రోజు గుర్తొచ్చింది. 1983. ఇద్వాల్ కోసం నల్ల సూటు కుట్టాను. నాకూ ఒకటి కుట్టుకున్నాను. పొద్దున బయల్దేరేముందు అతను నా వైపు చూడకుండా, "నువ్వు రావొద్దులే. షాపు చూసుకో," అన్నాడు. నేను ఎందుకని అడగలేదు. నలుగురిలో నన్ను చూపించుకోవడానికి సిగ్గుపడ్డాడని అర్థం చేసుకున్నాను. ఎంతో మంచివాడు. ఆ ఒక్క రోజు మాత్రం నాలో ముల్లులా ఉండిపోయింది. ఇప్పుడు కంపెనీ కూడా అదే మాటంటోంది, నువ్వు రావొద్దులే అని.

మీకిదంతా రాసినందుకు క్షమించండి.

ట్రెవోర్

*

ఫెస్టినియోగ్,
30 సెప్టెంబరు 2015

ట్రెవోర్ గారికి,

పేపరు చూశాను. డిపో గేటు ముందు మీ ఫొటో. కింద ఏం రాశారో చదివారా? 'సొంత కుటుంబమే వెలివేసిన జంట' అట! నేను వెలివేశానా? నెలనెలా ఉత్తరం రాశాను, ఏటా క్రిస్మస్‌కి స్వెటరు అల్లి పంపాను. ఆదివారం చాపెల్ గుమ్మంలో మా వీధి నెస్టా నన్ను ఆపి, నలుగురూ వినేటట్టు, "ఏం ఎలినెడ్, మీ తమ్ముడింట్లో ఒక దర్జీ అద్దెకుంటాడని చెప్పేదానివి. అద్దెకున్నాయన పెళ్లికొడుకెప్పుడయ్యాడే?" అంది. నాకు డెబ్భై ఏడేళ్లు. ఈ వయసులో తల దించుకుని ఇంటికి నడిచొచ్చాను.

మీరు నాకు ఇంక రాయకండి.

ఎలినెడ్

*

కైర్‌నార్వన్,
9 నవంబరు 2015

ఎలినెడ్ గారికి,

ఈ ఒక్కటీ చదవండి. కుటుంబం గురించి నేను ఆ విలేకరితో ఒక్క ముక్క కూడా అనలేదు. "ఇద్వాల్ తరఫువాళ్లు ఇంటికి వచ్చేవారా?" అని అడిగాడు, "లేదు" అన్నాను. మిగతాది అతని కలం.

లండన్‌లో ఇంకొకాయన, తన తరవాత తన భర్తకి పింఛను రావాలని కోర్టుకెళ్లాడు. మా ఆశలన్నీ దాని మీదే. కిందటి నెల ఓడిపోయాడు. మెరెరిద్ పై కోర్టు ఉందంటోంది. విల్ గేటు దగ్గర జలుబు చేసినవాడిలా ముక్కు తుడుచుకున్నాడు.

దీంతో పాటు ఇద్వాల్ స్వెటరు పంపుతున్నాను. మీరు అల్లిన బూడిదరంగుది. మీ దగ్గరుండటం న్యాయమనిపించింది.

ఇక రాయను.

ట్రెవోర్

*

ఫెస్టినియోగ్,
11 ఫిబ్రవరి 2016

ట్రెవోర్ గారికి,

ఈ రోజుకి ఇద్వాల్ పోయి ఏడాది. పొద్దుట్నుంచి నాలుగుసార్లు కాగితం తీసి నాలుగుసార్లు లోపల పెట్టాను.

మీరు పంపిన స్వెటరు చూసి, నా మొహాన విసిరికొట్టారనుకున్నాను. మూడు నెలలు ఆ పొట్లాన్ని మెట్ల కిందే పడేశాను. నిన్న చలికి తట్టుకోలేక తీసి వేసుకున్నాను. మోచేతుల దగ్గర లోపలివైపు కొత్త ఉన్నితో రఫూ చేసి ఉంది. అంత సన్నటి పని. నా అల్లిక ఎక్కడ ఆగిందో, మీ సూది ఎక్కడ మొదలైందో ఎంత వెతికినా తెలియలేదు. పారేసేవాడు అలా బాగుచేయడు కదా. ఇద్వాల్ ఒంటి వాసన ఇంకా కాలరులో ఉంది. మీకు ఇష్టమైన దాన్నే నాకు పంపారని అప్పుడు తెలిసింది.

ఉత్తరాలు కాల్చానని అబద్ధం చెప్పాను. అన్నీ ఉన్నాయి. మీరు చదువుతారన్న భయంతో చెప్పాను. ఒకటి ఇక్కడ ఎత్తిరాస్తున్నాను. 1983 మార్చిలోది, అమ్మ మంచంలో ఉన్నప్పటిది.

'అక్కా, అమ్మ ఇంక ఎన్నాళ్లో ఉండదని నువ్వు రాశావు. ఆవిణ్ణి సాగనంపే రోజు నా పక్కన నిలబడాల్సిన మనిషి ట్రెవోర్. మీరంతా ముందు కూర్చోండి, అతన్ని ఆఖరి వరుసలో కూర్చోబెట్టు, ఎవరని అడిగితే నీ ఇష్టమొచ్చింది చెప్పు. కానీ రానివ్వు. అతను లేకుండా ఆ చాపెల్ మెట్లెక్కడం నా వల్ల కాదు.'

నేను జవాబు రాశాను. 'ఒక్కడివే రా, లేకపోతే నువ్వూ రావొద్దు.' అంతే రాశాను. మా ఆయన అప్పుడు చాపెల్ పెద్ద. ఆయన పరువు, నా పరువు. వాడు ఒక్కడే వచ్చాడు. సమాధి దగ్గర నేను చెయ్యి పట్టుకోబోతే విడిపించుకున్నాడు. వెళ్లేటప్పుడు మాత్రం, "నువ్వు కాదన్నావని అతనికి చెప్పనులే. చెబితే నిన్ను జన్మలో క్షమించడు. ఎప్పటికైనా మీరిద్దరూ కలవాలి గదా," అన్నాడు.

వాడు మిమ్మల్ని చూసి సిగ్గుపడలేదు. సిగ్గుపడింది నేను.

కిందటి మేలో మీ ఉత్తరం చదివినప్పుడే ఈ మాట చెప్పాల్సింది.

ఎలినెడ్

*

కైర్‌నార్వన్,
26 ఫిబ్రవరి 2016

ఎలినెడ్ గారికి,

మీ ఉత్తరం వచ్చి పదకొండు రోజులైంది. మొదటి మూడు రోజులు మీ మీద ఒళ్లు మండిపోయింది. దాచను. మీరు ఎదురుగా ఉంటే ఏమనేవాణ్ణో తెలియదు.

తరవాత కోపం నా మీదికి తిరిగింది. ముప్పై మూడేళ్లు అతన్ని ఒక విషయంలో తక్కువగా చూశాను. ఆసుపత్రిలో, ఇంక నాలుగు రోజుల్లో పోతాడనగా, నా చెయ్యి పట్టుకుని, "ఏదైనా అడగాలనుంటే ఇప్పుడే అడుగు," అన్నాడు. ఏమడగాలో నాకు తెలుసు. అతనికీ తెలుసేమో. "టీ తాగుతావా?" అని అడిగాను.

ఇప్పుడు రోజూ అడుగుతున్నాను. అతను కూర్చునే కుర్చీకేసి తిరిగి, "అప్పుడే చెబితే నీ సొమ్మేం పోయేదిరా?" అంటున్నాను. పక్కింటివాళ్లు నేను రేడియోతో పోట్లాడుతున్నాననుకుంటున్నారు. కానీ ఎలినెడ్ గారూ, నిజం చెబుతున్నాను. 'అతను లేకుండా మెట్లెక్కడం నా వల్ల కాదు' అన్న ముక్క నేనెన్నిసార్లు చదివానో! ఉదయం లేవగానే, ముందు కళ్లజోడు వెతుక్కుని అదే చదువుతున్నాను. చదివినప్పుడల్లా అతని మీద బెంగ తగ్గుతుందేమో అనుకుంటాను. పెరుగుతోంది.

జూన్‌లో ట్రస్టీలు చెస్టర్‌లో మా మాట వింటామన్నారు. ఆ ఉత్తరం చూపిస్తే మాకు బలం. కానీ అది చూపిస్తే మీరు చేసింది కూడా నలుగురికీ తెలుస్తుంది. పేపర్లోనూ రావచ్చు. వద్దంటే చూపించను. ఇది మాటవరసకి అనడం లేదు.

ట్రెవోర్

*

ఫెస్టినియోగ్,
23 మే 2016

ట్రెవోర్ గారికి,

మీ మెరెరిద్ వచ్చి వెళ్లింది. ఆ పిల్ల ఏం తిండి తింటుందండీ! నేను చేసిన బారా బ్రిత్, ఎండుద్రాక్ష రొట్టె, ఆరు ముక్కలు వెన్న రాసుకుని తినేసి, "ఇంకోటి తీసుకోనా అమ్మమ్మా?" అంది. మీ పేరున్న ఉత్తరాలు ఏరి నూట పన్నెండు ఇచ్చాను. నా వాంగ్మూలం నా చేత్తోనే రాసి సంతకం చేశాను. 1974 నుంచి మా తమ్ముడికి ఇంటి మనిషి ట్రెవోరేనని, నాకది తెలుసునని, తెలిసీ అద్దెకున్నవాడని ఊరందరికీ చెప్పానని.

పేపర్లో వచ్చాక ఊరికి తెలియడం కంటే నేనే చెప్పుకోవడం మేలనిపించింది. నిన్న చాపెల్‌లో ప్రకటనలు చదవడం అయ్యాక లేచి నిలబడ్డాను. కర్ర ఆనించుకుని, ఉన్నదున్నట్టు చెప్పేశాను. మెరెరిద్ ఇచ్చిన అర్జీ కాగితం చూపించి, ఇష్టమున్నవాళ్లు సంతకం చేయమన్నాను.

ఎమ్లిన్ ఇప్పుడు చాపెల్ పెద్ద. లేచి, "ఎలినెడ్, ఇది దేవుడి ఇల్లు. యూనియన్ ఆఫీసు కాదు," అన్నాడు.

"తెలుసు ఎమ్లిన్. అబద్ధం ఇక్కడే చెప్పాను. నిజం చెప్పడానికి వేరే చోటికి పొమ్మంటావా?" అన్నాను.

ఎవరూ కదల్లేదు. అప్పుడు వెనకనుంచి నెస్టా వచ్చింది. ఆ నెస్టాయే. ఇంకేం వాత పెడుతుందో అని చూస్తున్నాను. "ఆ పెన్ను ఇలా తే," అంది. సంతకం చేస్తూ, నాకు మాత్రమే వినిపించేటట్టు, "మా పెద్దోడు ఇంటికి రాక పన్నెండేళ్లయిందే. ఎందుకో అడగవేం?" అంది. నేను తన భుజం మీద చెయ్యి వేశాను.

మొత్తం పద్నాలుగు సంతకాలు. ఎమ్లిన్ చేయలేదు. వాళ్లావిడ చేసింది.

ఆ ఉత్తరం చూపించండి.

ఎలినెడ్

*

కైర్‌నార్వన్,
18 జూన్ 2016

అక్కయ్యా,

ఇద్వాల్ మిమ్మల్ని పిలిచినట్టే పిలుస్తున్నాను. తప్పయితే చెప్పండి, మానేస్తాను.

చెస్టర్‌లో కాదన్నారు. పొడుగాటి బల్లకి అవతల అయిదుగురు. అధ్యక్షుడు మర్యాదస్తుడే. "మీ పరిస్థితికి ఎంతో చింతిస్తున్నాం. ఇవాళ మీకిస్తే రేపు అందరికీ ఇవ్వాలి. చట్టం మారేదాకా మా చేతులు కట్టేసి ఉన్నాయి," అన్నాడు. విల్ ఊరుకోలేదు. "కట్టేసుకున్నది మీరే గదయ్యా! ముడి కూడా మీ దగ్గరే ఉంది!" అని అరిచాడు. వాణ్ణి బయటికి పంపించారు.

మీరు నిరాశపడకండి. మీ వాంగ్మూలం మెరెరిద్ పైకి చదివింది. తరవాత ఆ 1983 ఉత్తరం చదివింది. బల్ల చివర కూర్చున్న ఒకావిడ కళ్లజోడు తీసి పక్కన పెట్టింది. కొత్తవాళ్ల మధ్య, గట్టిగా, 'నా పక్కన నిలబడాల్సిన మనిషి ట్రెవోర్' అన్న మాట విన్నాను. అప్పుడు నేను 1983లో కుట్టుకున్న నల్ల సూటులో ఉన్నాను. నడుం దగ్గర రెండంగుళాలు వదులు చేయాల్సొచ్చింది. వాళ్లు కాదని చెప్పేసరికి నాకు సగమే వినబడింది. బుర్రలో ఇంకా ఇద్వాల్ మాటే ఉంది.

సోమవారం మళ్లీ గేటు దగ్గరకి. ఇప్పుడు పదిహేడు మందిమి వస్తున్నాం. రెక్స్‌హామ్ నుంచి ఇద్దరు ముసలమ్మలు వస్తున్నారు, ఒకావిడ కండక్టరుగా చేసింది. వాళ్లు ముప్పై ఏళ్లుగా కలిసి ఉంటున్నారు, పొద్దస్తమానం పోట్లాడుకుంటారు. అలా పోట్లాడుకునేవాళ్లని చూస్తే నాకు అసూయ.

మీ
ట్రెవోర్

*

కైర్‌నార్వన్,
6 సెప్టెంబరు 2017

అక్కయ్యా,

జూలైలో లండన్ పెద్ద కోర్టు తీర్పు వచ్చిన రోజు ఫోను చేశాను గానీ, మీకు సగం వినబడలేదు, నాకు సగం మాట రాలేదు. అందుకే మళ్లీ రాస్తున్నాను. భర్తకి పింఛను కావాలని కోర్టుకెళ్లినాయన గెలిచాడు. అయిదుగురు జడ్జీలూ ఒకటే మాట. ఆ పాత తేదీ చెల్లదన్నారు. మొగుడైనా పెళ్లామైనా, ఇద్దరూ మగవాళ్లైనా ఆడవాళ్లైనా, ఉద్యోగం చేసిన ఏళ్లన్నీ లెక్కలోకి రావాలన్నారు. విల్ డిపో గేటు దగ్గర నన్ను ఎత్తబోయి నడుం పట్టేసుకుని వారం మంచమెక్కాడు. మూడో భార్య వాడికి ఇప్పుడు సేవలు చేస్తోంది, చక్కెర లెక్క కూడా నేర్చుకుందట.

నిన్న కంపెనీ ఉత్తరం వచ్చింది. పింఛను ఇద్వాల్ పోయిన రోజు నుంచీ లెక్కకట్టి ఇస్తారు. 'మరణించిన మా ఉద్యోగి శ్రీ ఇద్వాల్ గారి భర్త' అని రాశారు నన్ను. ఆ కాగితం జేబులో పెట్టుకుని సముద్రం గోడ వెంట చివరిదాకా నడిచాను. గెలిచామని అందరూ చెయ్యి కలుపుతున్నారు. నవ్వుతున్నాను. కానీ ఈ కబురు నేను పరుగెత్తుకెళ్లి చెప్పాల్సింది ఒక్కడికి. ఆ ఒక్కడూ లేడు కాబట్టే ఈ కాగితం వచ్చింది. ఈ మెలిక నాకు కొరుకుడు పడటం లేదు అక్కయ్యా. రెండున్నరేళ్లు గేటు దగ్గర నిలబడినంత కాలం, అతని కోసం ఏదో చేస్తున్నానన్న ధీమా ఉండేది. సోమవారం వస్తే అతన్ని కలవబోతున్నట్టే ఉండేది. వచ్చే సోమవారం నేనెక్కడికి వెళ్లను?

అతని మొహం కొంచెం కొంచెం చెరిగిపోతోంది. ఫొటోలున్నాయి, కానీ ఫొటోలో మనిషి కదలడు. మాట వింటూ వింటూ కనుబొమ్మ ఒకటి పైకెత్తేవాడు. ఏ కనుబొమ్మో నిన్న గుర్తుకు రాలేదు. గోడ మీద కూర్చుని చాలాసేపు ఆలోచించాను.

మీ
ట్రెవోర్

*

ఫెస్టినియోగ్,
8 సెప్టెంబరు 2017

ట్రెవోర్,

ఇంక 'గారు' లేదు, 'మీరు' లేదు. నాకంటే చిన్నవాడివి, నా తమ్ముడి మనిషివి.

కబురు విని నెస్టా చాపెల్ వంటగదిలో కేకు చేయించింది. వాళ్ల పెద్దోడికి ఉత్తరం రాసిందట. జవాబింకా రాలేదు. ఎమ్లిన్ కేకు తిన్నాడు, మాట్లాడలేదు. తిన్నాడుగా, చాలు.

సోమవారం ఎక్కడికి వెళ్లాలని అడిగావు. ఇక్కడికి రా. నేను కొండ దిగలేను, నువ్వు ఎక్కగలవు. పొద్దున పది నలభైకి మీ ఊళ్లో బస్సుంది, పోర్త్‌మాడోగ్‌లో మారాలి. అమ్మ సమాధి దగ్గరకి తీసుకెళ్తాను. చాపెల్ మెట్లు తొమ్మిది, నాకు పక్కన ఒకళ్లు పట్టుకోవాలి. నువ్వు పట్టుకుందువుగాని. ఎవరన్నా అడిగితే మా తమ్ముడి భర్త అని నేనే చెబుతాను, నువ్వేం మాట్లాడనక్కర్లేదు.

బస్సు స్టాపులో నిలబడి ఉంటాను. నన్నెప్పుడూ చూడలేదు కదా, ఎలా పోల్చుకోవాలా అనుకుంటావేమో. భయం లేదు. ఇద్వాల్‌కీ నాకూ మూడేళ్లు తేడా అయినా, చిన్నప్పుడు మమ్మల్ని కవలలనుకునేవాళ్లు. ముసలితనంలో ఆ పోలిక ఇంకా ఎక్కువైందని అంటారు. అదే ముక్కు, అదే నుదురు. అద్దంలో చూసుకుంటే నాకే ఒక్కోసారి గుండె ఝల్లుమంటుంది.

బస్సు దిగగానే నన్ను చూసి ఏడవాలనిపిస్తే ఏడువు. ఎవరేమనుకున్నా సరే, నీకు తనివి తీరేదాకా నేను మొహం తిప్పుకోను.

ఎడమ కనుబొమ్మ, ట్రెవోర్. నాకూ అదే లేస్తుంది.

అక్క